మాట పలికించే కుట్టు

చీలిన అంగిలితో పుట్టిన పాప ‘అమ్మ’ అనగలదు. ‘నాన్న’ అనగలదు, ‘మామ’ అనగలదు. మ, న పలికేటప్పుడు గాలి ఎలాగూ ముక్కులోంచే పోవాలి కాబట్టి ఆ మాటలకు ఇబ్బంది లేదు. చిక్కంతా ‘తాత’ దగ్గర వస్తుంది. త, ప, ట, క లాంటి హల్లులకు గాలిని నోట్లో రెప్పపాటు బిగబట్టి వదలాలి. బిగబట్టాలంటే నోటినుంచి ముక్కులోకి పోయే దారి మూసుకోవాలి. అది మూసుకోకపోతే తాత ‘నాన’ అవుతాడు, బాబు ‘మాము’ అవుతాడు, అక్క గొంతులో ఎక్కడో నొక్కుకుపోతుంది. ఇంట్లోవాళ్లు ఎలాగో అర్థం చేసుకుంటారు. బళ్లో పిల్లలు నవ్వుతారు.

అంగిలిని సరిచేసే శస్త్రచికిత్సను ఈ హల్లుల వైపు నుంచి చూస్తేనే అందులోని పనితనం తెలుస్తుంది. పైకి కనిపించేది నోట్లో కన్నం. దాన్ని మూయడం పనిలో ఒక భాగమే. దారి తప్పిన ఒక చిన్న కండరాన్ని వెతికి పట్టుకుని, విడదీసి, వెనక్కి తిప్పి, అవతలివైపు నుంచి వచ్చే జోడు కండరంతో కలపడం అసలు భాగం. ఆపరేషన్ అయ్యాక నోరు తెరిచి చూస్తే మొదటి పని కనిపిస్తుంది, రెండోది కనిపించదు. అది మూడు నాలుగేళ్ల తర్వాత చెవికి వినిపిస్తుంది.

మన ఊళ్లలో ఇలాంటి చీలికను గ్రహణమొర్రి అంటారు. కడుపుతో ఉన్నామె గ్రహణం చూసిందనో, ఆ వేళ కత్తిపీట పట్టిందనో తప్పంతా తల్లి మీద వేస్తారు. గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. పిండానికి ఆరో వారం వచ్చేసరికి నోటి కుహరంలో రెండు పక్కలనుంచీ అంగిలి పలకలు నాలుకకు అటూ ఇటూ కిందికి దిగి ఉంటాయి. తర్వాతి వారాల్లో అవి నాలుక మీదికి లేచి, అడ్డంగా చాచుకుని, ముందునుంచి వెనక్కి అతుక్కుంటూ పోతాయి. పన్నెండో వారానికల్లా ఆ పని పూర్తి కావాలి. ఏ దశలో ఆగితే అక్కడినుంచి చీలిక మిగులుతుంది. చివర్లో ఆగితే కొండనాలుక ఒక్కటే రెండుగా ఉంటుంది. మొదట్లోనే ఆగితే ముందు చిగురు వెనక దాకా తెరిచి ఉంటుంది. కారణాల్లో వంశపారంపర్యం ఉంది, కొన్ని మందులు ఉన్నాయి, పొగాకు ఉంది. చాలామందిలో ఫలానాదని ఒక్కటి చూపలేం.

పెదవి, అంగిలి చీలికలు రెండూ కలిపి లెక్కేస్తే ప్రపంచంలో సుమారు 700 జననాలకు ఒకటి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హైదరాబాద్ సర్జన్ల బృందం చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో వెయ్యి జననాలకు 1.09 అని తేలింది. పెదవి చీలిక పుట్టగానే కంటపడుతుంది. అంగిలి ఒక్కటే చీలితే ముఖం నిండుగా ఉంటుంది, పాలు తాగేటప్పుడే తెలుస్తుంది. చప్పరించడానికి నోట్లో గాలి లాగాలి కదా, అంగిలి తెరిచి ఉంటే ఆ లాగుడు పుట్టదు. పట్టిన పాలు ముక్కులోంచి వస్తాయి. తల్లి పాలు పిండి ఉగ్గుగిన్నెతో కొంచెం కొంచెంగా పట్టడమే ఆ ఇంటి మొదటి వైద్యం. బిడ్డ బరువు పెరిగితేనే సర్జన్ కత్తి పట్టగలడు కాబట్టి ఆ వైద్యం చిన్నదేమీ కాదు.

సర్జన్ చేతిలోకి వెళ్లేముందు అంగిలి నిర్మాణం చూడాలి. నాలుకతో తడిమితే ముందు మూడింట రెండు వంతులు గట్టిగా తగులుతుంది, అది ఎముక. వెనకది మెత్తగా ఉంటుంది, అది కండరం. దాని చివర కొండనాలుక. ఈ మెత్తని అంగిలిలో ఐదు జతల కండరాలున్నాయి. అందులో మాటకు ప్రాణం ‘లివేటర్’ అనే జత. పుర్రె అడుగున, చెవికి దగ్గరగా, రెండు పక్కలా పుట్టి కిందికి, లోపలికి దిగి, మెత్తని అంగిలి మధ్యలో ఒకదానితో ఒకటి కలుస్తాయి. రెండు కొసలూ ఎత్తున కట్టి నడుము వేలాడే చీర ఉయ్యాల తీరు ఇది. కండరాలు బిగుసుకోగానే మధ్య భాగం పైకి, వెనక్కి లేచి గొంతు వెనక గోడకు ఆనుతుంది. ముక్కు దారి మూతబడుతుంది. మాట్లాడుతున్నంతసేపూ అది నిమిషానికి ఎన్నోసార్లు లేస్తూ దిగుతూ ఉంటుంది, మనకు తెలియనే తెలియదు.

అంగిలి చీలినప్పుడు ఈ జతకు కలుసుకునే చోటు లేదు. కండరం ఉంది, బలం ఉంది, నరం ఉంది, దారే తప్పింది. అడ్డంగా సాగి మధ్యలో కలవాల్సింది, చీలిక అంచు వెంబడి ముందుకు నడిచి, గట్టి అంగిలి వెనక కొసన ఎముకకు అతుక్కుంటుంది. బిగుసుకుంటుంది గానీ ఎత్తగలిగేది ఏమీ లేదు.

పొర అడుగున దాగిన చీలికలు కూడా ఉంటాయి. అక్కడ పైపొర అతుక్కునే ఉంటుంది, కండరం మాత్రం కలవదు. నోరు తెరిచి చూస్తే కన్నం లేదు. కొండనాలుక రెండుగా ఉండడం, నడిమధ్యన పల్చగా నీలపు చార కనిపించడం, ఎముక వెనక అంచున వేలికి నొక్కు తగలడం, ఈ మూడూ దీని గుర్తులని బ్రిటిష్ సర్జన్ కాల్నన్ 1954లో రాశాడు. కన్నమే లేని ఈ పిల్లల్లోనూ కొందరికి మాట ముక్కులో పోతుంది. కాబట్టి దోషం కన్నానిది కాదు, కలవని కండరానిది. అంగిలి శస్త్రచికిత్స చరిత్ర మొత్తాన్ని ఈ ఒక్క సంగతి గ్రహించడానికి పట్టిన కాలంగా చదువుకోవచ్చు.

తొలి ప్రయత్నాల్లో కుట్టడమే ఘనం. పదహారో శతాబ్దంలో ఫ్రాన్స్ సర్జన్ అంబ్రోయిస్ పారే కుట్టు జోలికి పోకుండా, లోహపు పలకకు స్పాంజి తగిలించి కన్నాన్ని మూయించాడు. మెత్తని అంగిలిని కుట్టిన తొలి సర్జన్లలో 1816లో బెర్లిన్‌లో గ్రాఫె, 1819లో పారిస్‌లో రూ ఉన్నారు. రూ దగ్గరికి వచ్చిన రోగి జాన్ స్టీఫెన్సన్ అనే కెనడా వైద్య విద్యార్థి. మత్తుమందు రావడానికి ఇంకా పాతికేళ్లకు పైగా ఉంది. అతను మెలకువగా కూర్చుని, నోరు తెరిచి, గొంతులో సూది గుచ్చుకుంటుంటే కదలకుండా ఉన్నాడు. మరుసటి ఏడాది ఎడింబరోలో తన పట్టా పరిశోధన వ్యాసాన్ని ఆ ఆపరేషన్ మీదే రాశాడు. తర్వాత మాంట్రియల్‌లో, మెక్‌గిల్ వైద్య విభాగానికి మూలమైన బడి పెట్టినవాళ్లలో ఒకడయ్యాడు.

ఇక ఇప్పటి ఆపరేషన్ గదిలోకి వెళదాం. అక్కడి ఒక్కో అంచెలో ఒక్కో తరం సర్జన్ల చేయి కనిపిస్తుంది.

బల్ల మీద ఎనిమిది కిలోల పాప. కిలోకు 80 మిల్లీలీటర్ల చొప్పున ఆ ఒంట్లో నెత్తురు మొత్తం 640 మిల్లీలీటర్లు. పెద్దవాళ్ల ఒంట్లో లెక్కలోకి రాని 64 మిల్లీలీటర్లు పోతే ఈ పాపకు పదో వంతు పోయినట్టు. అందుకని కోతకు ముందే అంగిలి పొరలోకి పల్చని అడ్రినలిన్ ఎక్కిస్తారు. రక్తనాళాలు ముడుచుకుని పొర తెల్లబడే దాకా ఆగుతారు. ఈ ఆగడం కూడా పనిలో భాగమే, తొందరపడితే నెత్తురు కమ్మి పొరల మధ్య గీత కనిపించదు.

ఊపిరి గొట్టం పోయేదీ, సర్జన్ పనిచేసేదీ అదే నోట్లో. గొట్టం కింది పెదవి మీదుగా వంగి బయటికి వస్తుంది. డింగ్‌మన్ గ్యాగ్ అనే చట్రం దవడల్ని తెరిచిపెట్టి, నాలుకనూ గొట్టాన్నీ కలిపి కిందికి నొక్కిపెడుతుంది. మెడ వెనక్కి వంచి, సర్జన్ తలవైపు కూర్చుంటాడు. పై చిగురు అతనికి దగ్గరగా, కొండనాలుక లోతున. నాలుక ఎక్కువసేపు నొక్కుకుంటే వాచి, ఆపరేషన్ అయ్యాక ఊపిరికి అడ్డం పడుతుంది. పని పొడుగైతే మధ్యలో చట్రం వదులు చేసి నాలుకకు తెరిపినిస్తారు. మత్తు డాక్టరూ సర్జనూ ఒకరి చేతుల మీద ఒకరు కన్నేసి నడవాల్సిన చోటు ఇది. గొట్టం ఒక్క సెంటీమీటరు జారినా పని ఆగుతుంది.

మొదటి అంచె పొర లేపడం. గట్టి అంగిలి మీద పొర ఎముకను అంటిపెట్టుకుని ఉంటుంది. పైచర్మాన్ని ఒక్కదాన్నే ఒలిస్తే చిరిగిపోతుంది. ఎముకను కప్పే పొరతో సహా ఒకే దళంగా లేపితే అది గట్టిగా ఉంటుంది, నెత్తురు అందుతుంది, లాగితే మధ్యకు వస్తుంది. 1861లో బెర్లిన్ సర్జన్ లాంగెన్‌బెక్ చూపిన ఈ కిటుకే గట్టి అంగిలిని మూయగలిగేలా చేసింది. పళ్ల వరస లోపలి పక్కన కోత పెట్టి, ముందూ వెనకా అతుకు ఉంచి, మధ్యలో పొరను ఎముకనుంచి విడదీసి చీలిక వైపు జరిపాడు. ఆ పొరకు నెత్తురు ఇచ్చే ధమని, వెనక దంతాల దగ్గర ఎముకలోని చిన్న రంధ్రంలోంచి బయటికి వస్తుంది. సర్జన్ పనిముట్టు ఆ రంధ్రం చుట్టూ తిరగాలి, దాన్ని తాకకూడదు. ధమని తెగితే పొర నల్లబడి రాలిపోవచ్చు, ముందున్న కన్నం కంటే పెద్ద కన్నం మిగలవచ్చు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిన సామెత ఈ గదిలో అక్షరాలా జరగగలదు. అందుకే అనుభవం ఉన్న చేయి ఆ చోటికి వచ్చేసరికి నెమ్మదిస్తుంది.

రెండో అంచె ముక్కు వైపు పొర. అంగిలికి రెండు ముఖాలున్నాయి, నోటివైపు ఒకటి, ముక్కువైపు ఒకటి. నోటివైపు ఒక్కటే మూస్తే పైవైపు పచ్చిగా మిగిలి మానేటప్పుడు ముడుచుకుంటుంది, అంగిలి పొట్టిగా అవుతుంది. రెండు పొరల్నీ విడివిడిగా మూయాలనీ, కండరాన్ని పట్టించుకోవాలనీ గట్టిగా చెప్పినవాడు పారిస్ సర్జన్ విక్టర్ వో. అతని పుస్తకం 1931లో వచ్చింది. ముక్కువైపు పొరను ముందు కుడతారు. ముడులు ముక్కులోకి పడేలా సూదిని పొర అడుగునుంచి తిప్పాలి. దారం 5-0 అయితే దాని మందం మిల్లీమీటరులో పదో వంతు. వేళ్లకు చోటు లేనంత లోతులో, వంకర సూదిని పొడుగాటి పట్టకారుతో తిప్పి ముడి వేయాలి. ముడి బిగిస్తే పొర కోసుకుపోతుంది, వదిలేస్తే జారిపోతుంది. అంచులు తెల్లబడకుండా కలిసి నిలిచే బిగువు ఎంతో ఏ పుస్తకమూ చెప్పలేదు, వేళ్లకే తెలియాలి.

మూడో అంచె కండరం. పనితనం ఇక్కడే బయటపడుతుంది. పాత పద్ధతిలో చీలిక అంచుల్ని దగ్గరికి లాగి కుట్టేసేవారు. కండరాలు ఉన్న దిక్కునే ఉండేవి, ముందుకే లాగేవి. అంగిలి మూసుకునేది గానీ మాట ముక్కులోనే మిగిలేది. కండరాన్ని ఎముకనుంచి విడిపించి, అడ్డంగా తిప్పి మధ్యలో కలపాలని శరీర నిర్మాణం ఆధారంగా వాదించిన వ్యాసం 1969లో జర్మన్ సర్జన్ ఒట్టో క్రీన్స్ రాసింది. దాన్ని చివరి కొసదాకా తీసుకెళ్లినవాడు లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో పనిచేసిన బ్రయాన్ సోమర్లాడ్. ఆపరేటింగ్ మైక్రోస్కోప్ కింద చేశాడు.

మైక్రోస్కోప్ ఎందుకంటే, ఈ కండరం చుట్టూ ఉన్నవన్నీ ఒకే రంగులో ఉంటాయి. నోటివైపు పొరను లాలాజల గ్రంథులతో కలిపి కండరం మీదనుంచి లేపాలి. పొర పల్చనైతే చిల్లు పడుతుంది, మందమైతే కండరం పోతుంది. అడుగున ముక్కువైపు పొర కాగితమంత పల్చగా ఉంటుంది. పక్కన, ఎముక కొక్కెం చుట్టూ తిరిగి వచ్చే మరో కండరం స్నాయువు అంగిలిని పట్టి ఉంచుతుంది, దాన్ని కొక్కేనికి లోపలివైపు కోస్తేగానీ లివేటర్ వదలదు. ఎముక అంచునుంచి కండరాన్ని పూర్తిగా ఊడదీయాలి. వెనక్కి వెళ్తూ వెళ్తూ లివేటర్‌ను దాని సొంత గూటిలో గుర్తుపట్టాలి. ఎర్రని మందపాటి కట్ట, మిగతా పోగులకు అడ్డంగా పక్క గోడలోంచి దిగివచ్చేది అదే. పట్టకారుతో మెల్లగా మధ్యకు లాగితే గొంతు పక్క గోడ కదులుతుంది. దొరికిందని తెలిసేది అప్పుడే. రెండువైపుల కట్టల్నీ వెనకగా తెచ్చి, ఎదురెదురుగా కలిపి, గట్టి కుట్లు వేస్తారు. తల్లి కడుపులో కావలసిన కలయిక ఇక్కడ జరుగుతుంది.

ఇదే పనికి మరో దారి వేసినవాడు ఫ్లోరిడాలోని లియొనార్డ్ ఫర్లో. 1978లో సభలో వివరించి, 1986లో వ్యాసంగా ప్రచురించాడు. ఆయన కండరాన్ని పొరనుంచి విడదీయలేదు, పొరతో కలిపే తిప్పాడు. నోటివైపు జెడ్ అక్షరం తీరున ఒక కోత, ముక్కువైపు దానికి ఎదురు తిరిగిన జెడ్. ప్రతి జెడ్‌లోనూ రెండు ముక్కోణపు రెక్కలు వస్తాయి. వెనక అతుకున్న రెక్కలో కండరం ఉంటుంది, ముందు అతుకున్న రెక్కలో పొర మాత్రమే. రెక్కల్ని చోటు మార్చి కుట్టగానే కండరమున్న రెక్కలు రెండూ వెనక్కి తిరిగి ఒకదాని మీద ఒకటి పడతాయి. అంగిలి పొడుగు పెరుగుతుంది. కుట్టు గీత నిలువుగా కాక వంకరగా నడుస్తుంది కాబట్టి మానేటప్పుడు నిలువునా ముడుచుకోదు. గీసే ముందే ఏ రెక్క ఎక్కడ పడుతుందో మనసులో తిప్పి చూసుకోవాలి. కోత పడ్డాక ఆలోచించడానికి వీల్లేదు. ఈ లెక్క అందం చూసి మెచ్చుకోని సర్జన్ ఉండడు. వెడల్పాటి చీలికలో రెక్కలు చాలక అవస్థపడేదీ ఇక్కడే.

ఆఖరు అంచె నోటివైపు పొర. చీలిక ఇరుకైతే నేరుగా కలుస్తుంది. వెడల్పైతే పక్క కోతలు కావాలి. మంచి సర్జన్ నిగ్రహం ఈ చివరి అంచెలో తెలుస్తుంది. పక్క కోత పెడితే అక్కడ ఎముక పచ్చిగా మిగిలి, మచ్చ కట్టి మానుతుంది. పెరిగే దవడకు ఆ మచ్చ కళ్లెం. శ్రీలంకలో 1984లో మైఖేల్ మార్స్ మొదలుపెట్టిన పరిశోధన దీనికి బలమైన సాక్ష్యం ఇచ్చింది. ఆపరేషన్ అందక అలాగే పెద్దవాళ్లయిన వారిలో పై దవడ దాదాపు మామూలుగా పెరిగి ఉంది. కత్తి తాకనివాళ్ల ముఖం నిండుగా ఉంది, మాట తేటగా లేదు. చిన్నప్పుడే కత్తి పడినవాళ్లకు మాట వచ్చింది, కొందరికి పై దవడ లోపలికి పోయింది. కాబట్టి సర్జన్ చేయగలిగింది ఒకటే, తగలాల్సినంతే తగలడం. సోమర్లాడ్ తన రోగుల్లో ఎక్కువమందికి పక్క కోతలు లేకుండా, చీలిక అంచుల్లోంచే పని ముగించాడు.

కాలం విషయంలోనూ ఇదే తూకం. మాట నేర్చుకునే వయసు రాకముందే కండరం సిద్ధంగా ఉండాలి. ఆలస్యమైతే పాప గాలి నిలవని నోటితోనే మాట్లాడడం మొదలుపెట్టి, గొంతులో నొక్కి పలకడం అలవాటు చేసుకుంటుంది. తర్వాత అంగిలి బాగుపడినా అలవాటు పోదు. 2023లో ప్రచురించిన ఒక పెద్ద పరీక్షలో యూరప్, దక్షిణ అమెరికాల్లోని 23 కేంద్రాల్లో 558 మంది పసివాళ్లను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు 6 నెలలకు, ఇంకో గుంపుకు 12 నెలలకు, అందరికీ సోమర్లాడ్ పద్ధతిలోనే ఆపరేషన్ చేశారు. ఐదేళ్ల వయసులో గాలి ముక్కులోకి పోయే సమస్య 6 నెలల గుంపులో 8.9 శాతం, 12 నెలల గుంపులో 15 శాతం. అయితే ఆరు నెలల పాపకు మత్తు ఇవ్వగల చేయి, రాత్రంతా కనిపెట్టుకునే గది ఉన్నచోటే ఆ తొందర మేలు. మన దగ్గర చాలామందికి 9 నుంచి 18 నెలల మధ్య చేస్తారు. ఊళ్లనుంచి ఆలస్యంగా వచ్చేవాళ్లకు వచ్చినప్పుడే చేస్తారు.

కుట్లు మానాక ఆపరేషన్ ఫలితం చూసేది కన్ను కాదు. ముక్కు కింద చల్లని అద్దం పెట్టి ‘పాప, పాప’ అనిపిస్తారు. అద్దం మసకబారితే గాలి ఇంకా తప్పించుకుంటోంది. ముక్కు మూసి అదే మాట అనిపిస్తారు, తేడా వినిపిస్తే కండరం చాలడం లేదు. ఇంకా తెలియాలంటే సన్నని కెమెరా గొట్టాన్ని ముక్కులోంచి పంపి అంగిలి లేస్తుందా, గోడను తాకుతుందా అని చూస్తారు. పాప తెలుగు మాట్లాడే పాపయితే వినే చెవి తెలుగు చెవి కావాలి. ‘ట’కు బదులు ‘త’ పలకడం పసితనమా, అంగిలి లోపమా అని తేల్చడం ఆ భాషలో పెరిగిన స్పీచ్ థెరపిస్టుకే సులువు. అంగిలిని ఎత్తే కండరాలకు దగ్గర్లోదే చెవిని గొంతుతో కలిపే గొట్టాన్ని తెరిచే కండరం కూడా. కాబట్టి ఈ పిల్లలకు చెవిలో నీరు చేరి వినికిడి తగ్గుతుంది. వినపడనిది పలకలేరు. చెవి డాక్టరు కూడా ఈ పనిలో భాగస్వామే.

సోమర్లాడ్ పనిలో ఆయన చేతి కంటే మెచ్చుకోదగ్గది ఆయన లెక్క. 1978 నుంచి 1992 వరకు తాను చేసిన 442 అంగిలి ఆపరేషన్ల పిల్లల్ని వదిలేయకుండా, మాట కోసం రెండోసారి ఆపరేషన్ ఎంతమందికి కావలసి వచ్చిందో 2003లో ప్రచురించాడు. మొదటి ఐదేళ్లలో 10.2 శాతం, తర్వాతి ఐదేళ్లలో 4.9, ఆ తర్వాత 4.6. ఆ అంకెల్లో మొదటిది తన చేతి లోపాన్ని తానే లెక్కగట్టి లోకానికి చూపినది. అలా చూపబట్టే కండరాన్ని ఎంత లోతుగా విడదీయాలన్న చర్చ అభిప్రాయాల స్థాయి దాటింది.

తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడు ఈ ఆపరేషన్‌కు డబ్బు ఒక్కటే అడ్డం కాదు. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లల్ని పరీక్షించేటప్పుడు చూసే లోపాల జాబితాలో గ్రహణమొర్రి ఉంది. స్థానిక సర్జన్ల చేత ఉచితంగా చేయించే స్మైల్ ట్రైన్ లాంటి సంస్థలున్నాయి. అయినా కుట్లు మానిన నాలుగేళ్ల తర్వాత పాప మళ్లీ ఆసుపత్రికి రావడమే అరుదు. ఇంటికి దూరం, కూలి పోతుంది, కన్నం మూసుకుంది కదా అన్న తృప్తి.

బిడ్డను ఆపరేషన్‌కు తీసుకెళ్లే తల్లిదండ్రులు ‘కన్నం పూర్తిగా మూస్తారా?’ అని అడుగుతారు, అడగాలి కూడా. దానితోపాటు ఇంకో రెండు ప్రశ్నలు అడగవచ్చు. ‘కండరాన్ని వెనక్కి తిప్పి కలుపుతారా? మా పాప మాట వినడానికి మమ్మల్ని మళ్లీ ఎప్పుడు రమ్మంటారు?’ రెండో ప్రశ్నకు తేదీతో సహా జవాబు చెప్పే సర్జన్‌కు తన పని ఎక్కడ ముగుస్తుందో తెలుసు.